పిలుపు అందితే కదిలే పరకాల

ఆగస్టు ఆఖరు వారం వచ్చిందంటే పరకాలలో కొత్త ఫ్లెక్సీ కట్టడానికి కరెంటు స్తంభం దొరకడం కష్టం. గణపతి మండపాల కమిటీలు ముందే కూడళ్లు పట్టేస్తాయి. బిడ్డకు మెడిసిన్ సీటొచ్చిందని మేనమామలు కట్టించిన బ్యానర్ పక్కనే ఎవరింటి పెద్దాయనదో దశదిన కర్మ ఆహ్వానం, దాని కింద రక్తదాన శిబిరం పోస్టరు. మున్సిపాలిటీ ఆటో ఇంటి పన్ను గడువు సంగతి చెప్పి మలుపు తిరిగిందో లేదో, చీరల దుకాణం ఆఫర్‌తో ఇంకో ఆటో దిగుతుంది. ఇంతలో వార్డు వాట్సాప్ గ్రూపు మోగుతుంది. రేపు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కరెంటు ఉండదు, నీళ్లు ముందే పట్టిపెట్టుకోండి అని.

ఇవేవీ మొదటి పేజీకి ఎక్కే వార్తలు కావు. జిల్లా పేజీలో కూడా చాలావాటికి దక్కేది నాలుగు వాక్యాలే. కానీ ఊళ్లో మనిషికి రోజు గడిచేది వీటితోనే. ఎవరు పోయారు, ఎవరింట్లో పెండ్లి, మార్కెట్ యార్డుకు సెలవులెన్ని రోజులు, పత్తి ఏం పలికింది, జాతర బస్సులు ఎప్పటి నుంచి. ఇవి తెలియకపోతే ఊళ్లో ఉండి కూడా లేనట్టే. పైగా చిన్న ఊరి వార్తకు ఒక గుణముంది. చదివి పక్కన పెడితే సరిపోదు, లేచి పోవాలి. చావు కబురు అందితే పోవాలి, పెండ్లి పత్రిక అందితే పోవాలి, సంఘం మీటింగంటే ఇంటికొకరైనా కనబడాలి. పిలిచినా రాలేదన్న మాట ఊళ్లో ఏళ్ల తరబడి నిలబడిపోతుంది.

అలా పిలిస్తే కదిలిన జనం వల్లనే పరకాల పేరు చరిత్రకెక్కింది. అందుకే ఈ ఊళ్లో రాబోయే కార్యక్రమాల గురించి ఏం రాసినా మొదటి వరుస ఒకే తేదీకి దక్కాలి.

సెప్టెంబర్ 2

1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరింది. హైదరాబాద్ సంస్థానంలో అధికారికంగా ఎగరలేదు. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ భారత్‌లో కలిసేది లేదన్నాడు. ఆ నెల 7 నుంచే స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం మొదలైంది. నాయకుడు స్వామి రామానంద తీర్థను ఆగస్టు 15నే అరెస్టు చేశారు. నాయకులు జైళ్లలో ఉన్నా పిలుపు మాత్రం ఆగలేదు. జాతీయ జెండా ఎగరేయాలన్న మాట ఊరి నుంచి ఊరికి పాకింది. పరకాల అప్పట్లో కరీంనగర్ జిల్లాలో ఒక తాలూకా. సెప్టెంబర్ 2న చుట్టుపక్కల గ్రామాల నుంచి వందల మంది ఊరేగింపుగా పరకాలకు చేరుకున్నారు. వాళ్లు చేయబోయింది ఒక్కటే, మూడు రంగుల జెండా ఎగరేయడం.

నిజాం పోలీసులు, రజాకార్లు ఆ గుంపు మీద కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్లు 22 మంది అని ఎక్కువ మంది రాసిన లెక్క. గాయపడినవాళ్లు 150 మందికి పైనే. ఆ దాడులు పరకాలతో ఆగలేదు. రంగాపురంలో ముగ్గురిని చెట్టుకు కట్టేసి కాల్చారు. లక్ష్మీపురంలో ఇండ్ల మీద పడి దోచుకున్నారు. పరకాలను దక్షిణ భారత జలియన్‌వాలాబాగ్ అనడం అప్పటి నుంచి వచ్చిందే. సంస్థానం భారత్‌లో కలవడానికి ఇంకా ఏడాదికి పైగా పట్టింది. దాన్ని కలిపిన పోలీసు చర్య 1948 సెప్టెంబర్ 13న మొదలై 17న ముగిసింది.

ఆ రోజు వచ్చినవాళ్లకు ఫోన్లు లేవు, మైకులు లేవు. కాలినడకన, బండ్ల మీద వచ్చినవాళ్లే ఎక్కువ. పొలం పని ఆపుకుని, ఇంట్లో చెప్పో చెప్పకుండానో బయల్దేరి ఉంటారు. పోలీసులు ఏం చేస్తారో తెలియనంత అమాయకులు కారు. అప్పటికే ఊళ్ల మీద రజాకార్ల దాడులు నడుస్తున్నాయి. తెలిసే వచ్చారు. ఆ తెగువను తలచుకున్నప్పుడల్లా నాకు అనిపిస్తుంది, పరకాల గురించి బయటివాళ్లకు ఒక్క ముక్కే చెప్పే వీలుంటే అది ఇదే కావాలని.

ఆనాడు పోయినవాళ్ల స్మారకంగా పరకాలలో అమరధామం ఉంది. అప్పటి కేంద్ర మంత్రి చెన్నమనేని విద్యాసాగర్‌రావు తన తల్లి చంద్రమ్మ జ్ఞాపకార్థం కట్టించారు. 2003 సెప్టెంబర్ 17న ప్రారంభమైంది. ఆనాటి ఘటనను చూపించే శిల్పాలు అందులో ఉన్నాయి. పరకాల మీదుగా కాళేశ్వరం పోయేవాళ్లు, రామప్పకు పోయేవాళ్లు చాలామంది టీ తాగి బండెక్కేస్తారు. పది నిమిషాలు ఆగి దీన్ని చూసి పొమ్మని ఈ వ్యాసం చదివే ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను. పిల్లలు వెంట ఉంటే మరీ ముఖ్యం.

ఇక్కడ సెప్టెంబర్ నెలంతా తేదీలే. 2 దాటితే 9న కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. 10న చాకలి ఐలమ్మ వర్ధంతి. 17వ తేదీని విమోచనమని ఒకరు, విలీనమని ఒకరు, సమైక్యతా దినమని మరొకరు అంటారు. ఇప్పటి ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంటోంది. ఏ పేరుతో జెండా ఎగరేసినా, ఆ జెండా కోసం ఈ నేల మీద 22 ప్రాణాలు ఏడాది ముందే పోయాయి. పేరు గురించి ఎంత వాదించుకున్నా ఫరవాలేదు, ఆ సంగతి మాత్రం ఏ వేదిక మీదా మరవకూడదు.

డప్పు నుంచి వాట్సాప్ దాకా

పాత తరానికి వార్త అంటే సాటింపు. సాయంత్రం పనుల నుంచి జనం ఇండ్లకు చేరే వేళ చూసి డప్పు మోగేది. నాలుగు బజార్లు కలిసేచోట ఆగి, దరువేసి, అందరికీ తెలియజేయునది ఏమనగా అని అందుకుంటే ఇండ్లలోంచి తలలు బయటికి వచ్చేవి. శిస్తు కట్టాలనో, చెరువు తూము ఎత్తుతున్నారనో, బొడ్రాయి పండుగ ఫలానా రోజనో. ఆ మనిషికి ఊళ్లో ఏ గల్లీలో ఎక్కడ నిలబడితే గొంతు ఎంతవరకు అందుతుందో తెలుసు. ఇప్పటి సౌండ్ బాక్సుకు అంత తెలివి లేదు. ఇంకో సంగతి, సాటింపు వేసే మనిషిని ఆపి ఎదురు ప్రశ్న అడగొచ్చు. పొద్దున్నా, మాపా? అందరికా, పట్టా ఉన్నోళ్లకేనా? అడిగినదానికి అక్కడికక్కడే జవాబు దొరికేది. ఇంత పని చేసినవాళ్లకు ఊరు ఇచ్చింది మాత్రం గింజలు, నాలుగు పైసలు. గౌరవం అంతకన్నా తక్కువ. ఆ బాకీ ఊళ్ల మీద ఇంకా ఉంది.

ఆ తర్వాత పత్రికల జిల్లా అనుబంధాలు వచ్చాయి. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. మండలానికో విలేకరి వచ్చాడు. పాఠశాల వార్షికోత్సవం, కబడ్డీ పోటీల విజేతలు, బోరు బావి చెడిపోయిన వాడ, అన్నీ అచ్చులో కనబడ్డాయి. తమ ఊరి పేరు పేపర్లో చూసుకున్న ఆనందం ఆ రోజుల్లో చదువు వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ ఒకటే. హోటల్లో ఒకరు చదివితే పదిమంది వినేవాళ్లు. ఆఫీసర్లు కూడా పొద్దున్నే మొదట చూసేది ఆ పేజీలనే, అందుకే చాలా వీధి దీపాలు ఆ నాలుగు వాక్యాల వల్లే వెలిగాయి. 2020 కరోనా లాక్‌డౌన్‌తో ఆ టాబ్లాయిడ్లు ప్రధాన పత్రికలోకి కుదించుకుపోయాయి. పేజీలు తగ్గినచోట మొదట కోత పడేది చిన్న ఊరి వార్తకే.

ఆ ఖాళీలోకి వాట్సాప్ వచ్చింది. మంచి జరగలేదని అనను. అర్ధరాత్రి రక్తం కావాలంటే గంటలో మనిషి దొరుకుతున్నాడు. తప్పిపోయిన ముసలాయన ఫొటో పక్క మండలానికి చేరుతోంది. దుబాయ్‌లో, అమెరికాలో ఉన్న కొడుకులు తండ్రి దశదిన కర్మను వీడియోలో చూస్తున్నారు. అయితే ఎవరు పెట్టారో తెలియని మాట కూడా అంతే వేగంగా పాకుతోంది. సాటింపుకు ఒక మనిషి జవాబుదారీ, పేపరుకు ఒక విలేకరి జవాబుదారీ. ఫార్వర్డుకు ఎవరూ కారు. ఊరి గ్రూపులు నడిపేవాళ్లు ఒక్క చిన్న నియమం పెట్టుకుంటే చాలు, ఫలానావారు చెప్పారు అని పేరు లేకుండా ఏ కబురూ పెట్టొద్దని.

పూల తొమ్మిది రోజులు

గణపతులు నీళ్లలో కలిశాక ఊరు బతుకమ్మకు సిద్ధమవుతుంది. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, మధ్యలో ఆరో రోజు అర్రెం అని బతుకమ్మను పేర్చకుండా ఆగి, తొమ్మిదో రోజు సద్దులతో ముగుస్తుంది. రాష్ట్రం వచ్చిన 2014లోనే దీన్ని రాష్ట్ర పండుగ చేశారు. ఏ కమిటీ వేయకపోయినా, ఏ ఆహ్వాన పత్రికా పంచకపోయినా ఊరి ఆడవాళ్లంతా ఒకేచోట చేరే కార్యక్రమం ఇది.

సద్దుల బతుకమ్మ పేర్చడం దగ్గరుండి చూస్తే దాని పనితనం అర్థమవుతుంది. తాంబాళంలో ముందు గుమ్మడి ఆకులో ఆముదపు ఆకులో పరుస్తారు. గునుగు పూలను తలలు సమంగా ఉండేట్టు కట్టలు కట్టి, కాడలు ఒకే పొడవున కోసి, కొసలను ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగు నీళ్లలో ముంచి ఆరబెడతారు. తంగేడు ఒక వరుస, గునుగు ఒక వరుస, బంతి, కట్ల పూలు. కాడలన్నీ లోపలికి, పూలన్నీ బయటికి. లోపల బోలుగా ఉంటే పైవరుసల బరువుకు కుంగిపోతుంది కాబట్టి కోసేసిన కాడలు, ఆకుల తుంపులు నింపి అరచేత్తో అదుముతూ పోతారు. వరుస వరుసకూ చుట్టు తగ్గిస్తూ, చివర గుమ్మడి పువ్వు, దాని మీద పసుపు గౌరమ్మ. ఒక చెయ్యి పేరుస్తుంటే ఇంకో చెయ్యి అందివ్వాలి, మూడో చెయ్యి పళ్లెం తిప్పాలి. అందుకే ఇది ఒంటరిగా చేసే పని కాదు. అత్తగారింటి నుంచి వచ్చిన ఆడబిడ్డలు, వదినలు, పక్కింటి పిల్లలు చుట్టూ కూచుంటారు. ఏడాదిలో ఊళ్లో ఏం జరిగిందో ఆ గంటల్లోనే చెప్పుకోవడం అయిపోతుంది. ఎవరికి సంబంధం కుదిరింది, ఎవరికి నెల తప్పింది, ఏ పిల్ల చదువు మానేసింది. ఏ పేపరూ ఇవ్వలేని వార్తలు ఇవి. ఇందులో చదువు మానేసిన పిల్ల సంగతి అక్కడితో ఆగకుండా బడి దాకా చేరిన సందర్భాలు పల్లెల్లో ఉన్నాయి.

అడవి తంగేడు, గునుగు దొరికే బీడు భూములు ఏటేటా తగ్గుతున్నాయి. ఒకప్పుడు పొలం గట్ల మీద ఉచితంగా దొరికిన పూలు ఇప్పుడు కట్టల లెక్కన సంతలో కొనాలి. ఊరి చివర కొంత ప్రభుత్వ భూమిని తంగేడు, గునుగుకు వదిలేస్తే ఖర్చేమీ లేదు. పార్కుల్లో విదేశీ గడ్డి పెంచే మున్సిపాలిటీలు ఈ మాట వినాలి.

తేమ ఎంతుంది?

దసరా దాటాక పరకాలలో అందరి నోటా ఒకే మాట, పత్తి. ఈ ప్రాంతం పంట అది. ఊరి చుట్టూ జిన్నింగ్ మిల్లులు, వ్యవసాయ మార్కెట్. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కదిలించినప్పుడు ఈ పల్లెలు చూసిన కష్టం మామూలుది కాదు. లద్దెపురుగు, పనిచేయని మందులు, తీరని అప్పు. ఆ జ్ఞాపకం ఉన్నవాళ్లకు నేటి ధర అన్నది వట్టి అంకె కాదు.

2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఈ అంకె అందరికీ తెలుసు. అది చేతికి రావాలంటే తెలియాల్సినవి వేరే ఉన్నాయి. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం లోపుంటేనే పూర్తి ధర. అక్కడి నుంచి 12 దాకా శాతానికింత అని కోత. 12 దాటితే కొనరు. కార్తీకంలో తెల్లారగట్ల మంచు పడుతుంది. ఆ పూట ఏరిన పత్తి చేతికి చల్లగా తగులుతుంది. దాన్ని అట్లాగే బోరాలు తొక్కి బండికెత్తితే కేంద్రం దగ్గర మీటరు పెట్టగానే అంకె పైకి లేస్తుంది. ఎండ పొడిచాక ఏరి, ఒక పూట ఆరబెట్టి తెచ్చినవాడికి అదే పత్తికి వందలు తేడా. వెనక్కి పంపిన బండి కిరాయి మళ్లీ రైతు మీదే పడుతుంది కాబట్టి, చాలామంది అక్కడికక్కడే ప్రైవేటు ఖరీదుదారుకు తక్కువకు ఇచ్చేస్తారు. 2025 నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో ముందే స్లాట్ బుక్ చేసుకోవాలన్న నిబంధన కూడా వచ్చింది. స్మార్ట్‌ఫోన్ లేని రైతు, కౌలు రైతు ఇప్పుడు ఇంకొకరి మీద ఆధారపడాలి.

ఊరి వార్త అంటే ఇలాంటిది ఉండాలని నా కోరిక. ఏ కేంద్రం ఎప్పుడు తెరుస్తున్నారు, ఈ రోజు ఎన్ని బండ్లు వరుసలో ఉన్నాయి, తక్‌పట్టీలో ఏమేం చూసుకోవాలి, డబ్బులు ఎన్ని రోజులకు పడుతున్నాయి. రోజూ సాయంత్రం నాలుగు వాక్యాలు మైకులో చెప్పినా ఎన్నో బండ్లకు కిరాయి మిగులుతుంది. బడ్డీ కొట్టు ప్రారంభానికి ఆటో తిరిగే ఊళ్లో దీనికి ఆటో తిరగడం పెద్ద పనా?

జాతరల దారిలో

పరకాలకు రైలు లేదు. ఆర్టీసీ డిపో ఉంది. చలికాలం వచ్చిందంటే ఊరి కాలెండర్ డిపో చేతికి పోతుంది. కార్తీక మాసంలో భవానీ కుంకుమేశ్వర ఆలయంలో దీపాలు, అభిషేకాలు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న, కొత్తకొండ వీరభద్రుడు. ఫాల్గుణంలో రేగొండ మండలం కొడవటంచ లక్ష్మీనరసింహుడి ఉత్సవాలు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి మేడారం వస్తే ఇక చెప్పేదేముంది. కరీంనగర్, హుజూరాబాద్ వైపు బండ్లు చాలావరకు పరకాల మీదుగానే భూపాలపల్లి దారి పడతాయి. బెల్లం దుకాణాల ముందు తూకం కాంటాలు కనబడతాయి. మొక్కున్నవాళ్లు తమ బరువంత బెల్లాన్ని, అంటే నిలువెత్తు బంగారాన్ని, తూయించుకుంటారు. మేడారం దాకా పోలేనివాళ్లకు ఆత్మకూరు మండలం అగ్రంపహాడ్ ఉంది, అదే సమయంలో అక్కడా సమ్మక్క సారలమ్మ గద్దెలకు చేరతారు. అదే ఆత్మకూరు మండలం అక్కంపేటలో 1934 ఆగస్టు 6న ప్రొఫెసర్ జయశంకర్ పుట్టారు. జాతరకు వచ్చినవాళ్లు ఆ ఊరు కూడా ఒకసారి చూసి పోవచ్చు.

2027కు పిలుపు

2027 సెప్టెంబర్ 2 నాటికి పరకాల కాల్పులకు 80 ఏళ్లు నిండుతాయి. ఆనాడు పదేళ్లున్న పిల్లవాడికి అప్పటికి 90. కళ్లారా చూసినవాళ్లు మిగిలి ఉంటే ఇప్పుడే వాళ్ల దగ్గరికి పోవాలి. చూసినవాళ్లు లేకపోతే విన్నవాళ్లు ఉన్నారు. కొడుకులు, కోడళ్లు, మనవలు. తాత ఒంటి మీద తూటా మచ్చ ఎక్కడుండేదో చెప్పగలిగిన ఇండ్లు ఉంటాయి. పోయినవాళ్ల పేర్లు, ఊర్లు, అప్పటి వయసు, ఇంటి వాళ్లు ఆ తర్వాత ఎట్లా బతికారు, ఇవన్నీ ఒక పుస్తకంగా ప్రతి బడిలో ఉండాలి.

దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు. ప్రతి ఊరి గ్రూపులోనూ ఒక్క కబురు పెట్టాలి, మీ ఇంట్లో ఎవరైనా ఆ రోజు పరకాల పోయారా అని. వాట్సాప్ లేని ముసలివాళ్ల కోసం ఊరూరా సాటింపు వేయించాలి, ఆ డప్పుకు ఈసారి సరైన కూలి ఇచ్చి. బతుకమ్మ దగ్గర చేరే ఆడవాళ్లను అడగాలి, ఎందుకంటే ఆనాడు ఇంట్లో ఉండిపోయినవాళ్ల కథ వాళ్ల దగ్గరే ఉంటుంది. భర్త శవం కోసం ఎదురు చూసినవాళ్లు, రాత్రికి రాత్రి పిల్లల్ని తీసుకుని తల్లిగారింటికి పోయినవాళ్లు ఎవరో ఇంతవరకు ఎక్కడా సరిగ్గా రాయలేదు. రంగాపురం, లక్ష్మీపురం పెద్దలను విడిగా కలవాలి.

ప్రభుత్వ రికార్డు వైపు నుంచి కూడా వెతకాలి. నిజాం కాలం నాటి కాగితాలు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాలయంలో ఉన్నాయి. అందులో చాలావరకు ఉర్దూలో ఉంటాయి. పరకాల డిగ్రీ కాలేజీ పిల్లలు ఇద్దరు ముగ్గురు, ఉర్దూ చదవగల ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని పోయి, 1947 సెప్టెంబర్ నాటి కరీంనగర్ జిల్లా, పరకాల తాలూకా దస్త్రాలు అడగాలి. వాళ్ల బస్సు చార్జీలు, భోజనం ఖర్చు ఒక గణపతి మండపం లైటింగ్‌లో పదో వంతు కూడా కాదు. ఈ గణపతి నవరాత్రుల్లో ఏ కమిటీ ముందుకొచ్చినా చాలు, దసరా సెలవుల్లోనే మొదటి జట్టు బయల్దేరవచ్చు.